ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌కి కోచింగ్ లేకుండా చాట్‌బాట్‌తో ప్రాక్టీస్ చేస్తే సరిపోతుందా?

చిత్తూరులో ఉంటున్నాను, బీఎస్సీ నర్సింగ్ అయింది, యూకే వెళ్లాలి, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్‌కి, అంటే మాట్లాడే భాగానికి, కోచింగ్‌కి పోకుండా చాట్‌జీపీటీతో మాట్లాడుకుంటే సరిపోతుందా అని అడిగారు. నేనూ నర్సునే, తిరుపతిలో. రెండుసార్లు రాశాను. స్పీకింగ్‌లో మొదటిసారి 6, రెండోసారి 7 (ఇందులో మార్కుని బ్యాండ్ అంటారు, అన్నిటికన్నా ఎక్కువ 9). అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అడిగేది ఆ 7నే కాబట్టి మొదటి 6 నాకు దేనికీ పనికిరాలేదు. రెండుసార్లూ కోచింగ్ లేదు, రెండుసార్లూ ఫోనులో బాట్‌తోనే. వాడుకున్న తీరు మాత్రం వేరు.

మొదటిసారి చేసిందేమంటే, దొరికిన క్యూ కార్డులన్నీ (పరీక్షలో దేని గురించి మాట్లాడాలో రాసిచ్చే కార్డులు) ఏరుకొచ్చి ఒక్కోదానికి 'బ్యాండ్ 9 జవాబు రాసివ్వు' అని అడగడం. క్షణంలో రాసిచ్చేది. దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించి బట్టీ కొట్టాను. పరీక్ష చెన్నైలో. పుత్తూరు దాటి నగరి వచ్చేదాకా బస్సులో పెదాలు కదుపుతూనే ఉన్నా. పక్కసీటు పెద్దావిడ 'ఏం స్తోత్రం చదవతా ఉండావు పాపా?' అనింది. తీరా లోపలికెళ్తే వచ్చిన కార్డు, చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చిన ఒక సందర్భం గురించి. నా దగ్గరుందే! ఎయిర్‌పోర్టులో ఫ్లైటు ఆలస్యమైన కథ. అప్పటికి నేను విమానం ఎక్కిన పాపాన పోలేదు. నిమిషంన్నర గడగడా అప్పజెప్పేశాను. ఆ తర్వాత పార్ట్ 3లో, అంటే ఆ కార్డు విషయం మీదే ప్రశ్నలు వేసే చోట, పరీక్ష చేసే ఆవిడ, మీ ఊళ్లో జనం ఓపిగ్గా ఎదురుచూస్తారా, ఎందుకని అడిగింది. నోరు పెగల్లేదు. అంతసేపూ పరుగెత్తిన ఇంగ్లీషు ఒక్కసారిగా కుంటడం మొదలుపెడితే ఎదుటి మనిషికి అర్థం కాకుండా ఉంటుందా? బట్టీని పసిగట్టడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

తిరుపతిలో పుట్టి పెరిగి, ఎదురుచూపు గురించి చెప్పమంటే ఎయిర్‌పోర్టు చెప్పానంటే తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు అదే కార్డు బాట్‌కిచ్చి 'నువ్వు జవాబు రాయొద్దు, నన్ను అడుగు' అన్నాను. ఎవరితో వెళ్లావు, అక్కడ ఏం వినిపించింది, మధ్యలో లేచి ఎందుకు రాలేదు అని ఒక్కొక్కటే అడిగింది. కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో అవ్వతో కూర్చున్న రోజు చెప్పాను. గేటు దగ్గర తాళం చప్పుడు కాగానే నిద్రపోతున్న వాళ్లు కూడా ఒక్కసారిగా లేవడం, గోవింద నామం మారుమోగడం, అవ్వ తనకిచ్చిన పాలు పక్కనున్న చంటిబిడ్డ తల్లికి ఇచ్చేయడం. వ్యాకరణం అధ్వాన్నం. కానీ ఎక్కడా ఆగలేదు, టైమర్ చూస్తే 2 నిమిషాలు దాటిపోయింది. స్పీకింగ్ మార్కులో ధారాళం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమాన వెయిటేజీ. బట్టీ పట్టిన జవాబు మొట్టమొదట ధారాళాన్నే దెబ్బకొడుతుంది.

వాయిస్ మోడ్‌తో ఒక చిక్కుంది. మనం పదం కోసం కాస్త ఆగితే చాలు, అయిపోయిందనుకుని మధ్యలో దూరేస్తుంది. దానికి భయపడి గబగబా మాట్లాడే అలవాటు పడుతుంది. ఇంకొకటి, ఏం చెప్పినా ఆహా ఓహో అంటుంది. అందుకని మొదలుపెట్టే ముందు తెలుగులోనే చెప్పేదాన్ని: 'నువ్వు ఎగ్జామినర్‌వి. ఒకసారికి ఒకే ప్రశ్న. నేను అయిపోయింది అనేదాకా మాట్లాడొద్దు. మెచ్చుకోవద్దు. చివర్లో నా తప్పుల్లో మూడింటిని నేను అన్నది అన్నట్టుగా చూపించు.' అయినా మర్చిపోతుంది, మళ్లీ చెప్పాలి. అలా పట్టుబడ్డవే 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్', 'డిస్కస్ అబౌట్', 'మై మదర్ అండ్ ఆల్'. మన 'అమ్మావాళ్లు'కి సరైన ఇంగ్లీషు లేకపోవడం వల్ల వచ్చిన తంటా ఆ చివరిది.

అది చెప్పే బ్యాండ్‌ని మాత్రం నమ్మకండి. మొదటి పరీక్షకు ముందు నాకు 7.5 అంది, వచ్చింది 6. తర్వాత ఒకే జవాబుని రెండు వేర్వేరు చాట్లలో పెడితే రెండు వేర్వేరు మార్కులిచ్చింది.

ఉచ్చారణ దగ్గరా అంతే. మనం తప్పు పలికినా సందర్భాన్ని బట్టి సరైన పదమే రాసుకుంటుంది. 'పేషెంట్ వెస్ట్ తీసేశాడు' అని నేనెన్నిసార్లు అన్నా దానికి బనియనే అర్థమైంది. తెలుగులో రాస్తే పడమరా 'వెస్ట్'యే, బనియనూ 'వెస్ట్'యే, అక్కడే ఉంది మన తిప్పలంతా. పడమరకి పెదాలు గుండ్రంగా చుట్టాలి, బనియన్‌కి పైపళ్లు కింది పెదవికి తగలాలి. ఇది నాకు చెప్పింది బాట్ కాదు, మా వార్డులో పనిచేసే కేరళ సిస్టర్. ఫోన్ రికార్డర్‌లో మీ గొంతు మీరే విని, ఇంకొకరికి వినిపించండి.

అయితే నోటి బెరుకు పోగొట్టింది మాత్రం ఆ బాటే, కాదనను. నైట్ డ్యూటీ లేని రోజుల్లో రాత్రి పదింటికి మిద్దెక్కి గంటసేపు మాట్లాడేదాన్ని, ఎదురుగా కొండ మీది లైట్లు కనిపిస్తూ ఉండేవి. నెల తిరక్కుండానే పక్కింటి అత్త మా అమ్మను పిలిచి 'పిల్ల రాత్రుళ్లు ఎవురితోనో ఇంగ్లీషులో మాట్లాడతా ఉండాది, కనుక్కోమ్మా' అనింది. పరీక్షకు ముందు చివరి వారం మాత్రం బాట్‌ని పక్కనపెట్టి, ఆ సిస్టర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాను. ఎగ్జామినర్ నవ్వకుండా మన కళ్లలోకి చూస్తారు, అది ఫోన్‌లో రాదు.

మీరు నర్సింగ్ కాబట్టి ఓఈటీ (వైద్యరంగం వాళ్ల కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష) కూడా ఆలోచించండి, దాన్నీ ఆ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. అందులో స్పీకింగ్ అంటే 2 రోల్‌ప్లేలు, మీరు నర్సు, ఎదుటివాళ్లు పేషెంటో, వాళ్ల బంధువులో. దానికి బాట్ ఇంకా బాగా పనికొస్తుంది, కాకపోతే 'ఇన్సులిన్ వేసుకోను పొమ్మని మొండికేసే ముసలాయనలా ఉండు, తొందరగా ఒప్పుకోవద్దు' అని ముందే చెప్పండి. చెప్పకపోతే మూడో మాటకే థాంక్యూ సిస్టర్ అనేస్తుంది. మన వార్డుల్లో అట్లాంటి పేషెంటు ఎవరున్నారు చెప్పండి.