కోచ్‌తో ఫొటో కోసం చిట్టీ లేపాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హనుమకొండలో ఉంటాను. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 62 వేలు వస్తుంది. 2019లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ యూరప్ చాంపియన్స్ లీగ్ గెలిచినప్పటి నుంచి ఆ జట్టంటే ప్రాణం. అప్పటి కోచ్ క్లాప్‌ని ఒక్కసారైనా కలవాలని 2022లో డబ్బు దాచడం మొదలుపెట్టాను. ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడున్న కోచ్‌నీ ఆటగాళ్లనీ అయినా కలవాలి. ట్రావెల్స్ వాళ్లు టికెట్, హోటల్, మ్యాచ్ కలిపి 3.3 లక్షలు అంటున్నారు. ఇన్‌స్టాలో ఒక పేజీవాళ్లు 1.9 లక్షలకు కోచ్‌తో ఫొటో, ఆటగాళ్లతో పది నిమిషాలు ఇప్పిస్తామంటున్నారు. అడ్వాన్స్ 50 వేలు. నా దగ్గర 1.6 లక్షలు ఉన్నాయి. మిగతాదానికి 5 లక్షల చిట్టీ లేపుదామనుకుంటున్నాను. 50 నెలల చిట్టీలో 14 నెలలు కట్టాను, పాట 1.4 లక్షల దగ్గర పోతోంది. ఇంటి ఖర్చు 34 వేలు. చిట్టీకి 8 వేల లోపు పోతుంది. బైక్ ఈఎంఐ 4,500 ఇంకా అయిదు నెలలు ఉంది. వెళ్లమంటారా? కొత్త జెర్సీ కొని సంతకం చేయించుకోవాలని కూడా ఉంది.

జవాబు: వెళ్లండి. కానీ ఈ లెక్కతో వద్దు, ఈ సీజన్‌లో వద్దు.

ముందు ఆ 1.9 లక్షల సంగతి తేల్చేద్దాం. తిరుమలలో బ్రేక్ దర్శనం ఇప్పిస్తానని మహాద్వారం దగ్గర ఎవడో చెవిలో చెబితే మీరు 50 వేలు చేతిలో పెడతారా? పెట్టరు. అక్కడ ఏ టికెట్ ఎవరిస్తారో మనందరికీ తెలుసు కాబట్టి. లివర్‌పూల్ దూరం కాబట్టి, అక్కడి పద్ధతి తెలియదు కాబట్టి, ఇన్‌స్టా పేజీవాడు మనకు పూజారిలా కనిపిస్తున్నాడు. క్లబ్ ఏది అమ్మినా తన వెబ్‌సైట్‌లోనో, తను గుర్తించిన సంస్థల ద్వారానో అమ్ముతుంది. అక్కడ లేని వస్తువు వీడి దగ్గర ఎలా ఉంటుంది? డబ్బు వ్యక్తిగత యూపీఐకి పంపమంటున్నారా, రెండే స్లాట్లు మిగిలాయని తొందరపెడుతున్నారా, ఫొటో దొరక్కపోతే డబ్బు వెనక్కిస్తామని కాగితం మీద రాసిస్తారా, ఈ మూడూ చూసుకోండి. ఒకవేళ ఇప్పటికే ఎంతో కొంత పంపి ఉంటే, మొహమాటపడకుండా ఈ రోజే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

ఆ పేజీవాళ్లు మ్యాచ్ టికెట్లు కూడా ఇప్పిస్తామని అనే ఉంటారు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ను అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. మన దగ్గర సినిమా హాలు ముందు బ్లాకులో కొన్నంత తేలిక వ్యవహారం కాదు. ఎవరిదో సభ్యత్వం మీద వచ్చిన టికెట్ మీ ఫోన్లోకి వస్తుంది. క్లబ్ పసిగట్టి రద్దు చేస్తే గేటు బయటే నిలబడాలి. మీ ట్రావెల్స్ వాళ్ల 3.3 లక్షల్లో మ్యాచ్ టికెట్ ఉందన్నారు కదా, అది క్లబ్ గుర్తించిన సంస్థ ద్వారా వస్తోందో లేదో వాళ్లనే అడగండి. జవాబు నసిగితే అర్థం చేసుకోండి.

అధికారికంగా డబ్బు కట్టినా కలయిక ఖాయం కాదని కిందటి ఏడాది మన దేశంలోనే చూశాం. 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. ఆయనతో ఒక్క ఫొటోకి దాదాపు 10 లక్షలని పేపర్లలో వచ్చింది. అదే రోజు పొద్దున కోల్‌కతాలో వేలకు వేలు పోసి టికెట్ కొన్నవాళ్లు, చుట్టూ మూగిన పెద్దమనుషుల మధ్య మెస్సీ కనిపించక కుర్చీలు విరగ్గొట్టారు. మనిషిని చూడటానికి కట్టిన డబ్బుకు ఎవరూ పూచీ ఉండరు. కాబట్టి మీ బడ్జెట్‌లో "కలవడం" అనే పద్దు కింద సున్నా రాయండి. నేను చెప్పే లెక్క అంతా ఈ సున్నా మీదే నిలబడుతుంది.

ఇక చిట్టీ. 1.4 లక్షలు తగ్గించి పాడితే చేతికి 3.6 లక్షలు వస్తుంది. డివిడెండ్లు పోను ఈ 14 నెలల్లో మీరు కట్టింది సుమారు 1.1 లక్షలు. అంటే ఆ 3.6లో 1.1 మీ సొమ్మే, అప్పు తెచ్చుకుంటున్నది 2.5 లక్షలు. దానికి వచ్చే 36 నెలల్లో, డివిడెండ్ రానురాను తగ్గుతుంది కాబట్టి సగటున నెలకు 8,900 చొప్పున, 3.2 లక్షలు కడతారు. 70 వేలు వడ్డీ. ఊళ్లో భాషలో చెప్పాలంటే నూటికి దాదాపు రూపాయిన్నర. ఇల్లు కట్టడానికో ఆసుపత్రికో అయితే ఈ వడ్డీకి నేను అడ్డు చెప్పను. పది రోజుల ప్రయాణం అయిపోయాక మూడేళ్లు కట్టాలంటే మాత్రం ఆలోచించాలి. పైగా పాడాక షూరిటీలు ఇవ్వాలి. ఇంగ్లండ్ వెళ్లి ఫుట్‌బాల్ చూసొస్తాను, సంతకం పెట్టండి అని తోటి ఉద్యోగుల్ని అడగడం మీకే ఇబ్బంది. అదే చిట్టీ చివరిదాకా ఉంచితే, కమీషన్ 5 శాతం పోను 4.75 లక్షలు వస్తుంది. మీరు మొత్తం కట్టేది 4.3 లక్షల చుట్టుపక్కల. గొప్ప లాభమేం కాదు, కానీ అది మీవైపు ఉంటుంది.

చిట్టీ డబ్బుతో ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది ఆలోచించరు. బ్రిటన్ విజిటర్ వీసాకి బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాలి. నెలకు పదిహేను వేలు మిగిలే ఖాతాలో ఉన్నట్టుండి 3.6 లక్షలు పడితే, ఈ డబ్బు ఎక్కడిదని అడుగుతారు. నెలనెలా పెరుగుతూ వచ్చిన 12 వేలు చూస్తే ఎవరూ అడగరు.

మీ దగ్గరున్న 1.6 లక్షల్లో 1.4 లక్షలు అసలు లేవనుకోండి. ఇల్లు, చిట్టీ, బైక్ కలిపి మీకు నెలకు 46,500 పోతోంది. మూడు నెలలు జీతం ఆగితే ఆ 1.4 లక్షలే దిక్కు. ఆ డబ్బును విమానం ఎక్కించడానికి నేను ఒప్పుకోను. ప్రయాణానికి 20 వేలు తీసుకోండి.

మరి ఎంత కావాలి? పౌండు 125 రూపాయలని వేసుకుందాం. వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు అయింది, ఇప్పుడెంతో చూసుకోండి, చిల్లర ఖర్చులతో 18 వేలు. ప్రయాణ బీమా 3 వేలు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా లాంటి చోట విమానం మారి మాంచెస్టర్‌లో దిగితే రానూపోనూ 75 వేలు, ముందుగా కొంటే ఇంకా తగ్గొచ్చు. అక్కణ్నుంచి లివర్‌పూల్ రైల్లో గంట, గంటంపావు. తొమ్మిది రాత్రులకు, రాత్రికి 75 పౌండ్ల చొప్పున, 85 వేలు. మ్యాచ్ ఉన్న శని, ఆదివారాల్లో గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, అందుకే సగటు వేశాను. తిండి, బస్సులు రోజుకు 35 పౌండ్లు, 44 వేలు. క్లబ్ సభ్యత్వం, టికెట్లు, స్టేడియం టూర్ అన్నీ కలిపి 200 పౌండ్లు, 25 వేలు. మొత్తం 2.5 లక్షలు. రూపాయి పడిపోవడానికీ జ్వరానికీ ఓ 30 వేలు కలపండి. 2.8 లక్షలు.

వచ్చే మార్చిలో కాకుండా ఆ పై మార్చిలో వెళ్దాం, అంటే చేతిలో 17 నెలలు. నెలకు 12 వేలు ఆర్‌డీ వేస్తే 2.04 లక్షలు. అయిదు నెలల తర్వాత బైక్ ఈఎంఐ అయిపోతుంది, ఆ 4,500 కూడా అందులోనే వేస్తే 12 నెలలకు 54 వేలు. ముందు తీసిన 20 వేలు కలిపితే 2.78 లక్షలు. వడ్డీతో సరిపోతుంది. నెలకు మిగిలే మూడున్నర వేలు పెరిగే చిట్టీ వాయిదాకి ఉంచుకోండి. 17 నెలల్లో కావలసిన డబ్బును షేర్ల ఫండ్లలో పెట్టకండి. మీ యాప్‌లో ఏ గ్రాఫ్ ఎంత పైకి ఉన్నా సరే.

మార్చి ఎందుకన్నానంటే, నాకు ఈ ప్రయాణంలో అన్నింటికన్నా నచ్చిన సంగతి అదే. ఈ మధ్య కొన్నేళ్లుగా క్లబ్ సేవాసంస్థ లివర్‌పూల్ ఫౌండేషన్ మార్చి నెలాఖరులో సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో మాజీ ఆటగాళ్లతో ఛారిటీ మ్యాచ్ పెడుతోంది. స్టీవెన్ జెరార్డ్ లాంటివాళ్లు ఆడారు. లీగ్ మ్యాచ్ టికెట్ అసలు ధర 60 పౌండ్ల చుట్టుపక్కలే గానీ, సభ్యులకు లాటరీలో తగలాలి. దీనికి అంత పోటీ ఉండదు. ఆడేవాళ్లకు కూడా పాయింట్ల టెన్షన్ ఉండదు, గ్యాలరీ వైపు చేతులూపుతారు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది దేశాల మధ్య మ్యాచ్‌ల విరామంలో వస్తుంది. ఆ వారం లీగ్ ఆట ఉండదు. కాబట్టి పది రోజుల్ని దానికి ముందో వెనకో లీగ్ మ్యాచ్ కలిసేలా పెట్టుకోండి. లీగ్ షెడ్యూలు జూన్‌లో వస్తుంది, కానీ టీవీ వాళ్ల కోసం తేదీలు జరుగుతూనే ఉంటాయి. శనివారం ఆట సోమవారం రాత్రికి మారడం మామూలే. మార్చుకోవడానికి వీలున్న విమాన టికెట్టే కొనండి, మ్యాచ్‌కీ తిరుగు ప్రయాణానికీ మధ్య రెండు రోజులు వదలండి. వీసాకి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయగలరు, అంతకు ముందు కుదరదు.

ఆన్‌ఫీల్డ్ టూర్లలో ఒక మాజీ ఆటగాడు కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పే రకం కూడా ఉంది, క్లబ్బే అమ్ముతుంది. మామూలు టూర్ కన్నా ఖరీదు ఎక్కువే. కొనండి. డబ్బు పెట్టి కొనగలిగిన కలయిక అంటూ ఉంటే ఇదే. అలాగే లివర్‌పూల్ మహిళల జట్టు సెయింట్ హెలెన్స్‌లో ఆడుతుంది, టికెట్ చాలా చవక, ఆట అయ్యాక ఆటగాళ్లు కంచె దగ్గరికొచ్చి మాట్లాడతారు. నది అవతల బిర్కెన్‌హెడ్‌లో ట్రాన్మేర్ జట్టు మైదానం ఉంది, చిన్న క్లబ్, కోచ్ అరుపులు మీ సీటు దాకా వినిపిస్తాయి. పురుషుల జట్టు సాధన 2020 నుంచి కర్క్‌బీలో జరుగుతోంది. లోపలికి రానివ్వరు. గేటు బయట ఒక పొద్దున గడిపినా ఖర్చు బస్సు చార్జీయే. కారు అద్దం దించితే మీ అదృష్టం. చిన్నప్పుడు ఎల్.బి. స్టేడియం గేటు దగ్గర నేనూ మూడు గంటలు నిలబడ్డాను, నా పుస్తకంలో పడిన ఒకే ఒక్క సంతకం పన్నెండో ఆటగాడిది. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆడుతున్నవాళ్ల పక్కన నిలబడటమే ముఖ్యం అనుకుంటే మాత్రం క్లబ్ మార్చమంటాను, మీరు తిట్టుకున్నా సరే. జర్మనీ క్లబ్ బేయర్న్ మ్యూనిక్ తన జేబెనర్ స్ట్రాసే మైదానంలో కొన్ని సాధనలను జనానికి తెరిచి పెడుతుంది, ప్రవేశం ఉచితం, కొన్నిసార్లు సంతకాలు కూడా పెడతారు. తేదీలు కొద్ది రోజుల ముందే తెలుస్తాయి. అయితే దానికి యూరప్ దేశాల షెంగెన్ వీసా వేరే, ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోల కవరేజీ ఉన్న బీమా తప్పనిసరి. రెండు దేశాలూ ఒకే ప్రయాణంలో కలపకండి, రెండు వీసాల ఖర్చు మీ లెక్కను తినేస్తుంది.

డబ్బు తీసుకెళ్లడం గురించి రెండు మాటలు. ఫారెక్స్ కార్డులో ఒకేసారి వేయకుండా చివరి ఆరు నెలల్లో కొంచెం కొంచెంగా పౌండ్లు వేసుకోండి. విదేశాలకు పంపే సొమ్ము ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, మీకు ఆ బాధ లేదు. ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ కొంటే మాత్రం ఎంత చిన్న మొత్తానికైనా టీసీఎస్ వసూలు చేస్తారు. తర్వాత ఆదాయ పన్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. అక్కడ దుకాణంలో కార్డు గీకినప్పుడు రూపాయల్లో కట్టమంటారా, పౌండ్లలోనా అని మెషిన్ అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

జెర్సీ ఇప్పుడు కొనొద్దు. 2024 మేలో క్లాప్ వెళ్లారు, మరుసటి వేసవిలో ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన అలెగ్జాండర్-ఆర్నాల్డ్ రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. పదిహేడు నెలల తర్వాత ఎవరుంటారో వాళ్ల కోచ్‌కే తెలియదు, కోచ్ ఉంటారో లేదో కూడా. అక్కడికెళ్లాక కొనండి, వెనక పేరు వేయించకండి. నల్ల మార్కర్ ఒకటి ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి, హనుమకొండ చౌరస్తాలో ముప్పై రూపాయలకు దొరుకుతుంది.