జనం మూడ్‌ని కొలిచే ఉద్యోగం: సైకాలజీ చదివే అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్ళిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఇక్కడే బీఏ సైకాలజీ రెండో ఏడాది చదువుతోంది. సోషల్ మీడియా పోస్టుల్ని బట్టి జనం మూడ్ ఎలా ఉందో చెప్పే రంగంలోకి వెళ్తానంటోంది. ఇంటర్‌లో సీఈసీ, కోడింగ్ రాదు. ఇది నిలబడే పనేనా? ఏం నేర్చుకోవాలి? – ఓ తండ్రి

జవాబు: నిలబడే పనేనండీ. అయితే ఉద్యోగ ప్రకటనల్లో ‘జనం మూడ్ కొలిచే పని’ అన్న పేరు కనిపించదు. సోషల్ లిజనింగ్ అనలిస్ట్ (సోషల్ మీడియాలో జనం మాటల్ని గమనించే పని), కన్స్యూమర్ ఇన్‌సైట్స్ (కొనేవాళ్ళ మనసు తెలుసుకునే పని), ట్రస్ట్ అండ్ సేఫ్టీ (హానికర పోస్టుల్ని పట్టే పని), డేటా అనోటేషన్ (డేటాకు లేబుళ్ళు పెట్టే పని) అని వెతకమనండి. కోడింగ్ గురించి బెంగ వద్దు, ఏడాదిలో పనికి సరిపడా వస్తుంది. ఎవరి మాటల్ని కొలుస్తున్నాం, ఆ మాట వెనకున్నది కోపమా వెటకారమా అన్నది తేల్చడమే ఇందులో అసలు కష్టం. అక్కడ సైకాలజీ చదువు అక్కరకొస్తుంది.

ఈ రంగంలో పేరున్న కొలమానం వెర్మాంట్ యూనివర్సిటీ వారి హెడోనోమీటర్. సుమారు 10,000 ఇంగ్లిష్ మాటలకు మనుషులతో 1 నుంచి 9 దాకా సంతోషం మార్కులు వేయించారు. ట్వీట్లలో ఆ మాటలు ఎంత తరచుగా వస్తున్నాయో చూసి రోజువారీ సగటు కట్టేవారు. ఇదే పద్ధతిని తెలుగుకు పెడితే బోల్తా పడుతుంది. మన భాషలో ‘లేదు’ క్రియలోనే కలిసిపోతుంది: నచ్చింది, నచ్చలేదు. పోనీ ‘లేదు’ కనిపించగానే మార్కులు తగ్గిద్దామంటే, ‘మామూలుగా లేదు’ అన్నది మెచ్చుకోలు. సినిమా కామెంట్లలో ‘చంపేశాడు’ అన్నదీ అంతే. పైగా మనవాళ్ళలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్ళు రాస్తారు. బెంగళూరు తెలుగువాళ్ళయితే మధ్యలో కన్నడ ముక్క కూడా కలుపుతారు. ఈ చిక్కులన్నీ పుట్టుకతో తెలిసిన మనిషి కావాలి. మీ అమ్మాయిని తెలుగు చదవడం, రాయడం వదలొద్దని చెప్పండి.

సర్టిఫికెట్ల కన్నా ఒక చిన్న ప్రాజెక్టు ఎక్కువ మాట్లాడుతుంది. తెలుగు న్యూస్ చానళ్ళలో ఒకే అంశం మీద, బెంగళూరు నీటి ఎద్దడి అనుకోండి, ఓ ఇరవై వీడియోలు ఎంచుకోవాలి. యూట్యూబ్ డేటా ఏపీఐతో (ప్రోగ్రాం ద్వారా యూట్యూబ్ సమాచారం తెచ్చుకునే దారి) ఒక్కో అభ్యర్థనకు 100 కామెంట్ల దాకా వస్తాయి. సుమారు 2,000 చాలు. దింపుకున్న డేటాను ఎన్నాళ్ళు దాచుకోవచ్చో ఏపీఐ షరతుల్లో ముందే చదవాలి. వాటిలో 500 కామెంట్లకు తనూ, ఇంకో స్నేహితురాలూ విడివిడిగా, మాట్లాడుకోకుండా, లేబుళ్ళు పెట్టాలి: కోపం, భయం, సంతోషం, వెటకారం, ఏదీ కాదు. ఇద్దరి లేబుళ్ళు ఎంత కలిశాయో కోహెన్ కప్పా అనే కొలతతో (కాకతాళీయంగా కలిసినవాటిని మినహాయించి చూసేది) చూడాలి. 0.6 దాటకపోతే మోడల్ (లేబుళ్ళు తనంతట తాను పెట్టడం నేర్చుకునే ప్రోగ్రాం) జోలికి వెళ్ళకుండా, లేబులింగ్ నియమాల్ని తిరగరాసి మళ్ళీ పెట్టాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. ఇద్దరు మనుషులే ఒప్పుకోని చోట మెషీన్ ఏం నేర్చుకుంటుంది?

కప్పా కుదిరాక మిగిలిన 1,500 కామెంట్లను ఇద్దరూ పంచుకుని లేబుల్ చేయాలి. ఆపైన మ్యూరిల్ లాంటి భారతీయ భాషల మోడల్‌కి గూగుల్ వారి ఆన్‌లైన్ కోడింగ్ వేదిక కోల్యాబ్‌లో శిక్షణ ఇవ్వొచ్చు. పరీక్షకు నాలుగైదు వీడియోలను పూర్తిగా పక్కన పెట్టాలి. అన్ని వీడియోల కామెంట్లనూ కలగలిపి విడదీస్తే శిక్షణలో చూసినలాంటి వాక్యాలే పరీక్షలోనూ వచ్చి మార్కులు ఉత్తుత్తిగా పెరుగుతాయి. 70 శాతం కామెంట్లు ‘ఏదీ కాదు’ అయితే, అన్నింటికీ అదే చెప్పే మోడల్‌కి కూడా 70 శాతం వస్తుంది. అందుకే ఒక్కో భావానికి విడిగా ఎఫ్1 స్కోరు (ఆ భావాన్ని ఎంత సరిగ్గా, ఎంత పూర్తిగా పట్టిందో చెప్పే అంకె) చూపాలి.

గ్రాఫ్ గీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఏపీఐ ఇచ్చే సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. 5:30 గంటలు కలపకపోతే మన తెల్లవారుజాము కామెంట్లు ముందురోజు లెక్కలో పడతాయి. ఒకే మనిషి యాభై కామెంట్లు పెడితే రోజుకు ఒకటిగానే లెక్కించాలి. ఉగాది రోజు ‘శుభాకాంక్షలు’ వెల్లువెత్తి ఊరంతా ఆనందంగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ మాటను పక్కన పెట్టి చూడాలి.

చదువు సంగతి. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌ని డిగ్రీతో పాటే చేయొచ్చు. జేఈఈ అక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఇంటర్ పాసైతే చాలు, వాళ్ళ క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కాలి. ఫౌండేషన్ స్థాయిలో స్టాటిస్టిక్స్, పైథాన్ కోడింగ్ రెండూ ఉన్నాయి. సీఈసీ పిల్లలకు అక్కడి లెక్కలు బరువే, ఒక్కో సబ్జెక్టుకు వారానికి పది గంటలైనా కేటాయించాలి. పీజీకి బెంగళూరులోనే ట్రిపుల్ ఐటీలో ఎమ్మెస్సీ డిజిటల్ సొసైటీ ఉంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఫేస్‌బుక్ 6,89,003 మంది న్యూస్ ఫీడ్‌ని వాళ్ళకు చెప్పకుండా మార్చి, వాళ్ళ భావాలు మారతాయేమో చూసిన పరిశోధన 2014లో బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది. సైకాలజీ విద్యార్థికి ఇది తప్పనిసరి పాఠం. పేర్లు, ప్రొఫైళ్ళు ముందే తీసేసి, ఒక్కో మనిషికి ఓ నంబరు మాత్రం ఉంచాలి. పోస్టులు చూసి ఫలానా మనిషికి డిప్రెషన్ అని ముద్ర వేయకూడదు, ఎవరు అడిగినా. జనం గూగుల్‌లో వెతికేవాటిని బట్టి ఫ్లూని అంచనా వేసిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2012–13 సీజన్‌లో ఫ్లూ తీవ్రతను అసలుకు దాదాపు రెట్టింపుగా చూపిన సంగతీ తను చదవాలి. రిపోర్టులో ‘బెంగళూరు జనం’ అనకుండా ‘ఈ ఇరవై వీడియోల కింద కామెంట్ పెట్టినవాళ్ళు’ అని రాయాలి.

లేబులింగ్ ఈ వేసవి సెలవుల్లో పూర్తి చేస్తే, ఐదో సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేయొచ్చు. దరఖాస్తుతో పాటు లేబులింగ్ నియమాల పేజీ, కప్పా విలువ, మోడల్ తప్పు చెప్పిన ముప్పై కామెంట్లూ ఒక్కోదానికి కారణమూ జత చేయమనండి.