కటికి దారిలో తగిలిన బొప్పి

విశాఖపట్నం

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. అడవిలో దుంగలు మోసే ఫార్వర్డర్ బండిని కంప్యూటర్‌లో నడిపి, డ్రైవరుకు తగిలే కుదుపు లెక్కగట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను.

బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపులో వెళ్లిన రోజు గుర్తుందా? రెండు చేతులా కడ్డీ పట్టుకున్నా నీ తలకు బొప్పి కట్టింది. తగిలింది పైకప్పు కాదు, పక్క కడ్డీ. అక్కడే మొదలుపెట్టు. కొత్తవాళ్లు నిలువు కుదుపు చూసి ఊరుకుంటారు. ఈ బండి మనిషి నడకలా మెల్లగా పోతుంది, సీటు ఎత్తులో ఉంటుంది. ఒళ్లు హూనం చేసేది పక్క ఊపు.

ముందు కాగితం మీద లెక్క వేయి. ఒక చక్రం కిందకు 20 సెంటీమీటర్ల రాయి వచ్చిందనుకో. ఈ బండిలో బోగీ అనే చక్రాల జంట ఉంటుంది. అందులో రెండు చక్రాలూ ఊగే దూలానికి చెరో చివర ఉంటాయి కాబట్టి దూలం నడుమ 10 సెంటీమీటర్లే లేస్తుంది. కుడి ఎడమల మధ్య 2 మీటర్లుంటే బండి దాదాపు 3 డిగ్రీలు ఒరుగుతుంది. రెండున్నర మీటర్ల ఎత్తున ఉన్న తల 12 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. నీ మోడల్ మెల్లగా రాయి ఎక్కినప్పుడు దీనికి దగ్గరగా రాకపోతే ముందుకు కదలవద్దు. నడుమ కీలు దగ్గర బండి ముందు, వెనుక భాగాలు విడివిడిగా ఒరుగుతాయి. దాన్ని బిగించేయకు.

తరువాత టైరు. ఈ బండ్లలో చాలావాటికి ఇరుసుల దగ్గర స్ప్రింగులుండవు, టైరే స్ప్రింగు. ఒకే బిందువు దగ్గర నేలను తాకే టైరు పెడితే రాతి అంచున బలం ఒక్కసారిగా ఎగురుతుంది. అసలు టైరు నొక్కుకుని రాయిని పొదువుకుంటుంది. చక్రం గాలిలోకి లేస్తే బలం సున్నా కావాలి, టైరు నేలను పట్టి లాగకూడదు. ఈ షరతు మరిచి నేనొకసారి వారం పని మొత్తం మళ్లీ చేశాను. మెత్తటి నేల జోలికి ఇప్పుడే పోకు.

చివరికి ఒంటికి తగిలే కుదుపును కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2631-1 ప్రకారం, ఎక్కువ బాధించే కుదుపుకు ఎక్కువ విలువ ఇస్తూ లెక్క వేయి. కూర్చున్న మనిషిని నిలువు కుదుపు 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య, పక్క ఊపు 2 హెర్ట్జ్ లోపు ఎక్కువ బాధిస్తాయి. ఆరోగ్యం లెక్కలో పక్క ఊపును 1.4తో గుణించాలి, మరిచిపోకు. ఐరోపా సమాఖ్య 2002 ఆదేశం ప్రకారం 8 గంటల పనికి కుదుపు త్వరణం సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 మించకూడదు. నీకు 0.48 వస్తే సంబరపడకు. వేగం కాస్త పెంచి మళ్లీ నడుపు.

కాగితం లెక్క ఫొటో తీసి పంపు. రాయి ఎత్తు, టైరులో గాలి ఎంతో పక్కనే రాసిపెట్టు.

మీ పెదనాన్న