రాకర్లు పొడిబారితే: పాత ఇంజన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది 1950ల నాటి నాలుగు సిలిండర్ల పుష్‌రాడ్ ఇంజన్ (కింది క్యామ్ కదలికను పొడవాటి కడ్డీలు పైకి చేర్చే రకం). టాపెట్ సందు (వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ మధ్య ఖాళీ) సెట్ చేయించిన నెలకే మళ్లీ టకటక మొదలవుతోంది. రాకర్ కవర్ తీసి చూస్తే ముందు వైపు రాకర్లు తడిగానే ఉన్నాయి, వెనక చివరి రెండూ పొడిగా ఉన్నాయి. బ్లాకు నుంచి బయట పైపు వేసి రాకర్ షాఫ్ట్‌కు (రాకర్లు ఊగే కడ్డీకి) నేరుగా ఆయిల్ ఇచ్చే కిట్ పెట్టించమంటున్నారు. పెట్టించవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు రాకర్లు తడిగా ఉన్నాయంటే షాఫ్ట్ దాకా ఆయిల్ వస్తూనే ఉంది. షాఫ్ట్ లోపలే ఎక్కడో ఆగిపోతోంది. అడ్డు తీయకుండా పైపు వేస్తే తడిగా ఉన్నవాటికే ఇంకా ఎక్కువ ఆయిల్ పోతుంది.

ఈ తరహా ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ మెయిన్ గ్యాలరీ (బ్లాకులోని ప్రధాన ఆయిల్ దారి) నుంచి క్యామ్‌షాఫ్ట్ బేరింగ్‌కు వస్తుంది. క్యామ్ తిరిగేటప్పుడు దాని జర్నల్‌లోని (బేరింగ్‌లో కూర్చునే భాగంలోని) రంధ్రమో గాడో బేరింగ్ రంధ్రానికి ఎదురుగా వచ్చిన క్షణంలోనే కొంచెం ఆయిల్ పైకి చిమ్ముతుంది. అది బ్లాకు, హెడ్ గ్యాస్కెట్, హెడ్ దాటి ఒకే ఒక్క పెడెస్టల్ (షాఫ్ట్‌ను మోసే దిమ్మ) గుండా బోలుగా ఉన్న షాఫ్ట్‌లోకి చేరుతుంది. అంటే పైకి వెళ్లేది మొదటినుంచీ కొద్దిపాటి ఆయిలే, దాని వెనక ఒత్తిడీ తక్కువే. అందుకే మడ్డి పేరుకునేది ఫీడ్ పెడెస్టల్‌కు దూరంగా ఉన్న కొసలో. ఫీడ్ దగ్గరి బుష్‌లు (రాకర్ రంధ్రంలోని లోహపు తొడుగులు) అరిగి ఉంటే ఆయిల్ అక్కడే కారిపోయి దూరంవాటికి మిగలదు. చాలాసార్లు ఈ రెండూ కలిసే ఉంటాయి.

షాఫ్ట్ విప్పేముందు ఒకటి చూసుకోండి. కొన్ని ఇంజన్లలో పెడెస్టల్ స్టడ్లే హెడ్ స్టడ్లు కూడా. అలాంటిదైతే ముందు రేడియేటర్ నీళ్లు వదిలేసి, హెడ్ నట్లన్నీ వరుస ప్రకారం వదులు చేయాలి. బిగించేటప్పుడు మాన్యువల్‌లోని టార్క్ ప్రకారమే బిగించాలి. లేకపోతే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఏ రకమైనా నట్లను ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున, చివరల నుంచి మధ్యకు వదులు చేయండి. పుష్‌రాడ్‌ను కొంచెం తిప్పి, కింద టాపెట్ (క్యామ్‌పై ఆని పుష్‌రాడ్‌ను నెట్టే ముక్క) పట్టు వదిలాకే పైకి లాగండి. గబుక్కున లాగితే జిగటకు టాపెట్ కూడా లేచి వస్తుంది. రాడ్లన్నిటినీ వరుస తప్పకుండా అట్టముక్కకు గుచ్చి పెట్టుకోండి.

షాఫ్ట్ రెండు చివరల బిరడాలు తీసి, లోపల పొడవాటి బ్రష్‌తో కిరోసిన్ పోస్తూ రుద్దండి. ప్రతి రంధ్రంలోకీ తీగ దూర్చి, ఆఖరున కంప్రెసర్ గాలి పట్టండి. రాకర్ లోపలి సన్నని దారి, అడ్జస్టింగ్ స్క్రూలో రంధ్రం ఉంటే అదీ మరవకండి. తర్వాత షాఫ్ట్ అడుగు భాగాన్ని గోటితో తడమండి. ఒక పక్క పుష్‌రాడ్, ఇంకో పక్క స్ప్రింగ్ రాకర్‌ను పైకి నెడతాయి కనుక అరుగుదల అడుగునే ఉంటుంది. గోటికి మెట్టు తగిలితే షాఫ్ట్ మార్చాల్సిందే. దాన్నే తిరగేసి వేస్తే ఆయిల్ రంధ్రాలు తప్పుదిక్కుకు పోతాయి, ఆ పని చేయకండి. కొత్తలో రాకర్‌కూ షాఫ్ట్‌కూ మధ్య సందు సాధారణంగా 0.02 నుంచి 0.05 మి.మీ. అది 0.1 మి.మీ. దాటితే బుష్‌లు కొత్తవి వేయించండి. కొత్త బుష్ వేశాక దానికి రాకర్‌లోని ఆయిల్ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రంధ్రం వేయాలి, ఆ తర్వాతే రీమర్ (లోపలిని సరైన కొలతకు నున్నగా కోసే పనిముట్టు) పెట్టాలి. రంధ్రం వేయడం మరిచిపోయిన బుష్ వల్ల రాకర్ పొడిబారడం చాలా మామూలు. విప్పినప్పుడు తప్పక చూడండి.

బిగించేముందు షాఫ్ట్ నిండా, బుష్‌లకు, పుష్‌రాడ్ కొసలకు ఆయిల్ పెట్టండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజ్‌లో ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో తిప్పండి. అప్పుడు స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కనిచ్చి, కవర్ లేకుండా నెమ్మదిగా నడవనివ్వండి. రెండు నిమిషాల్లో ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరాలి. ధారగా కారనక్కర్లేదు.

ఒక్క రాకర్‌కూ ఆయిల్ రాకపోతే లోపం షాఫ్ట్‌కు కింద ఉన్నట్టు. రంధ్రం ఉన్న పెడెస్టల్ చోట రంధ్రం లేనిది బిగించారేమో మొదట చూడండి. అదీ కాకపోతే గ్యాస్కెట్‌లో ఆ రంధ్రమే లేకపోవచ్చు, లేదా క్యామ్ బేరింగ్ పక్కకు తిరిగి దాని రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు.

ఇక బయటి పైపు సంగతి. దానిలో ఆయిల్ ఆగి ఆగి రాదు, ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. వేడి మీద, ఐడిలింగ్‌లో గేజ్ పడిపోతుంది. ఆ ఒత్తిడి అవసరమైనది కింద క్రాంక్ బేరింగులకు. పైన నిండిన ఆయిల్ వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ జారే గొట్టాల) గుండా సిలిండర్‌లోకి దిగి నీలిపొగ వస్తుంది. క్యామ్ బేరింగ్ బాగా అరిగి, ఇంజన్ విప్పే వీలు లేనప్పుడు మాత్రమే పైపు వేయండి. అప్పుడు కూడా గ్యాలరీ వైపు కొసలో సుమారు 1 మి.మీ. రంధ్రం ఉన్న జెట్ పెట్టాలి. ఆ కొసలోనే ఎందుకంటే, దారిలో పైపు తెగినా ఆయిలంతా ఒక్కసారిగా పోకుండా ఉంటుంది.

ప్రశ్న: కొత్త క్యామ్, కొత్త టాపెట్లు వేసి, మంచి 5డబ్ల్యూ-30 సింథటిక్ ఆయిల్ పోశాం. 500 కిలోమీటర్లు తిరగకముందే ఒక లోబ్ (టాపెట్‌ను లేపే క్యామ్ ఉబ్బు) అరిగిపోయింది. ఎందుకు?

జవాబు: ఆ ఆయిల్ నాణ్యమైనదే, కానీ మీ ఇంజన్‌కు తగినది కాదు. చదునైన టాపెట్, లోబ్ ఒకదానిమీద ఒకటి రాసుకునేచోట ఒత్తిడి విపరీతం. ఆయిల్ పొర తెగినప్పుడు లోహాన్ని కాపాడేది జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే రసాయనం. అది ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి, అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే ఆయిల్ ప్రమాణాల్లో ఎస్ఎమ్ నుంచి ఇటు వచ్చినవాటిలో 5డబ్ల్యూ-30 వంటి పలచటి గ్రేడ్లకు ఫాస్ఫరస్‌ను 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) దగ్గర కట్టేశారు. మీకు కావలసింది 1,000 నుంచి 1,400 పీపీఎం. పాత ఇంజన్ల కోసమే చేసిన 20డబ్ల్యూ-50 తీసుకుని, దాని వివరపత్రంలో ఈ అంకె చూసి కొనండి. అంకె సరిపోయిన ఆయిల్‌లో పైనుంచి జింక్ సీసా కలపకండి. మోతాదు మరీ మించితే అదే లోహాన్ని తింటుంది.

ఆయిల్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. లోబ్ పైభాగం ఏటవాలుగా, టాపెట్ అడుగు అతి స్వల్పంగా ఉబ్బెత్తుగా ఉంటాయి, టాపెట్ తనచుట్టూ తాను తిరగడానికే ఈ ఏర్పాటు. కొత్త లోబ్‌పై అరిగిన పాత టాపెట్ వేసినా, టాపెట్ తన రంధ్రంలో బిగుసుకున్నా ఆ తిరుగుడు ఆగి లోబ్ గీసుకుపోతుంది. ఈసారి లోబ్‌లకూ టాపెట్ల అడుగుకూ మాలిబ్డినం పేస్ట్ పూయండి. స్టార్ట్ అయిన వెంటనే ఇంజన్‌ను 2,000–2,500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడపండి. మొదట్లో ఐడిలింగ్‌లో ఉంచితే లోబ్‌లకు చాలినంత ఆయిల్ అందదు, ఎందుకంటే వాటికి ఆయిల్ క్రాంక్ చిమ్మితేనే పడుతుంది. వెంటనే స్టార్ట్ అయ్యేలా కార్బురేటర్, టైమింగ్ ముందే సరిచూసుకోండి. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి, అరిగిన లోబ్ తాలూకు పొడి ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకుతో) టాపెట్ సందు సరిగ్గా పెట్టినా చప్పుడు తగ్గలేదు. ఆయిల్ బాగానే వస్తోంది.

జవాబు: రాకర్ కొసలో వాల్వ్ తగిలేచోట గుంట పడి ఉంటుంది. వెడల్పు గేజ్ ఆ గుంటకు వంతెనలా అడ్డంగా కూర్చుంటుంది, కాబట్టి అసలు సందు మీరు పెట్టినదానికన్నా ఎక్కువ. కొసను గ్రైండ్ చేయించండి. కానీ గట్టిపరిచిన పొర పలచనిది, అది దాటిపోతే రాకరే మార్చాలి. ఎనిమిది వాల్వుల ఇంజన్ అయితే చాలా మోడళ్లలో 9 లెక్క (రెండు వాల్వుల నంబర్లు కలిపితే 9) సరిపోతుంది: 1వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది, 3వది తెరుచుకున్నప్పుడు 6వది సెట్ చేయాలి.

ప్రశ్న: మా పాత కారులో రాకర్లకు ప్రెషర్ ఆయిల్ లేదు. ఫెల్ట్ (ఆయిల్ పీల్చే మందపాటి ఉన్ని) ముక్కలే ఉన్నాయి. గ్రీజు పెట్టవచ్చా?

జవాబు: వద్దు. గ్రీజు ఫెల్ట్‌ను మూసేస్తుంది, ఆ వెనక షాఫ్ట్ పొడిబారుతుంది. ఫెల్ట్ గట్టిపడి నల్లబడితే కొత్త ఉన్ని ఫెల్ట్ కోసి, ఇంజన్ ఆయిల్‌లో ఒక రాత్రంతా నాననిచ్చి పెట్టండి. బండి తీసే రోజు ఆయిల్ క్యాన్‌తో ఒక్కో ఫెల్ట్‌కు రెండు మూడు చుక్కలు వేసి, పుష్‌రాడ్ పైకొసకు, రాకర్ వాల్వ్‌ను తాకేచోటా ఒక్కో చుక్క వేయండి.