అమెరికా కాలేజీల్లో ఒకే కోచ్ రెండు మూడు ఆటలు చూసుకుంటారా?

బీపీఈడీ చేశానని, అమెరికాలో ఒకే కోచ్ రెండు మూడు ఆటలు చూస్తారన్నది నిజమేనా, దాన్ని కెరీర్‌గా పెట్టుకోవచ్చా అని అడిగారు. నిజమే. అయితే టీవీలో కనిపించే పెద్ద యూనివర్సిటీల్లో కాదు, చిన్న కాలేజీల్లో.

మా అమ్మాయి అలాంటి ఒక కాలేజీ తరఫున పరిగెత్తేది. ఆగస్టు నుంచి క్రాస్ కంట్రీ, చలికాలం ఇండోర్ ట్రాక్, మార్చి వచ్చాక అవుట్‌డోర్ ట్రాక్, అన్నిటికీ కోచ్ ఒక్కరే. పోటీలకు వ్యాన్ కూడా ఆయనే నడిపేవారు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మెడలో రెండు స్టాప్‌వాచ్‌లతో హర్డిళ్లు సర్దుతూనే, లాంగ్ జంప్ కుర్రాడికి ఆఖరి అడుగు ఎందుకు చిన్నదవుతోందో చెబుతున్నారు. మన హైస్కూల్లో పీఈటీ సారు ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ అన్నీ చూసుకున్నట్టే.

ఈ పద్ధతి గురించి తెలుసుకోవాలంటే పాతకాలపు అమెరికన్ కోచ్ ఆమోస్ అలోంజో స్టాగ్ జీవితం చదవండి. 1862లో పుట్టారు. 1892 మార్చిలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జనం ముందు ఆడిన మొదటి బాస్కెట్‌బాల్ ఆటలో ఈయన ఆడిన అధ్యాపకుల జట్టు విద్యార్థుల చేతిలో 5-1తో ఓడింది. ఆ ఒక్క గోల్ ఈయన వేసిందే. అదే ఏడాది షికాగో యూనివర్సిటీలో చేరి 1932 దాకా ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) కోచ్‌గా ఉన్నారు. బేస్‌బాల్, ట్రాక్ కూడా ఏళ్ల తరబడి చూశారు, కొన్నాళ్లు బాస్కెట్‌బాల్ కూడా. ఆయన్ని తీసుకున్నదే అధ్యాపకుడి హోదాతో, పర్మనెంట్ ఉద్యోగంలో. నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఈ ఆట ఓడితే ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేదు కాబట్టే అన్ని ఆటలకూ మనసు పెట్టగలిగారు. డెబ్బై ఏళ్లు నిండాయని అక్కడ దింపేస్తే, కాలిఫోర్నియాలో కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌కు వెళ్లారు. 81 ఏళ్ల వయసులో, 1943లో, దేశంలోనే ఆ ఏటి ఉత్తమ ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు!

ఇప్పుడు పెద్ద చోట్ల అది కుదరదు. సీజన్ అయిపోయినా ఫుట్‌బాల్ కోచ్‌కు ఆటగాళ్లను వెతకడం, వసంతంలో ప్రాక్టీసు, కండిషనింగ్ ఉంటాయి. ఏడాదంతా అదే పని. కాలేజీ ఆటల్లో మూడో అంచె అయిన, అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులు లేని డివిజన్ త్రీ కాలేజీల్లో మాత్రం పాత పద్ధతి ఇంకా ఉంది. జీతాలు తక్కువే, పని గంటలు ఎక్కువ. కానీ ఒక కుర్రాణ్ని నాలుగేళ్లు దగ్గరుండి తీర్చిదిద్దే అవకాశం అక్కడ దొరుకుతుంది. నాకైతే అది చాలా పెద్ద విషయం.

మీరు రావాలనుకుంటే మాస్టర్స్‌కు అప్లై చేసేటప్పుడే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్ (మాస్టర్స్ చదువుతూనే సహాయ కోచ్‌గా పని చేసే) పోస్టుల గురించి ఆ కాలేజీ అథ్లెటిక్ డైరెక్టర్‌కు మెయిల్ రాయండి. స్టూడెంట్ వీసా మీద, క్లాసులు జరిగే రోజుల్లో, క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు. మీకు బాగా వచ్చిన ఆటతో పాటు, వేరే సీజన్‌లో జరిగే ఇంకో ఆట కూడా రెజ్యూమేలో చూపించండి. చిన్న కాలేజీలు ముందు చూసేది అదే.