రెండు వేల ఏళ్ళు సొంత దేశం లేకపోయినా యూదు మతం ఎలా నిలబడింది?

అడిగిన ప్రశ్న ఇది: "గుడి పోయింది, రాజ్యం పోయింది, జనం చెల్లాచెదురయ్యారు. అయినా యూదు మతం ఇన్నేళ్ళు ఎలా నిలిచింది? ఎంత పాతది? వాళ్ళ గ్రంథం మన బైబిల్లోని పాత నిబంధనేనా?"

నాది జగిత్యాల వైపు. కొన్నేళ్ళుగా జెరూసలేంలో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. నిష్ఠగా ఉండే ఒక యూదు కుటుంబంలో పెద్దాయన్ని చూసుకోవడం నా పని. రాత్రీ పగలూ వాళ్ళింట్లోనే ఉంటాను కాబట్టి అక్కడ చూసినదాన్నిబట్టి, ఆ తర్వాత ఆసక్తితో చదివినదాన్నిబట్టి చెబుతున్నాను. నాకు అర్థమైంది ఒక్కటే: గుడిలో జరగాల్సినదాన్ని వాళ్ళు ఇంట్లోకీ పుస్తకంలోకీ తెచ్చుకున్నారు. కుటుంబం ఏ ఊరు వెళ్తే మతం ఆ ఊరు వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే ఇంట్లో హడావుడి. ఆ సూర్యాస్తమయం నుంచి శనివారం ముగిసేదాకా వాళ్ళ విశ్రాంతి దినం, అప్పుడు పొయ్యి వెలిగించకూడదు, స్విచ్ ముట్టకూడదు. అందుకని వంటంతా ముందే అయిపోవాలి. చిక్కుళ్ళు, బార్లీ, బంగాళాదుంపలు, మాంసం కలిపి చేసే చోలెంట్ మాత్రం సన్నటి వేడి మీద రాత్రంతా ఉడుకుతూనే ఉంటుంది. సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు ఊరంతటికీ వినపడేలా సైరన్ మోగుతుంది. కోడలు దీపాలు వెలిగించి, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని ప్రార్థన చేస్తుంది. అప్పటిదాకా ఫోన్లలో మునిగి ఉన్న పిల్లలు వాటిని తీసుకెళ్ళి సొరుగులో పెట్టేస్తారు.

భోజనానికి ముందు పెద్దాయన కొడుకు ఆయన చక్రాల కుర్చీ దగ్గరికొచ్చి వంగుతాడు. ఆ కొడుక్కే మనవలున్నారు. పెద్దాయన వణికే చేతులు రెండూ అతని తల మీద పెట్టి ఆశీర్వాదం చెబుతాడు. ఆ మాటలు చర్చికి వెళ్ళే తెలుగువాళ్ళందరికీ తెలిసినవే, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోవి: "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక." (హీబ్రూలో ఆ దేవుని పేరును యూదులు పలకరు. ఆ చోట ప్రభువు అని చదువుతారు.)

ఒకసారి సెలవు రోజున ఇక్కడి ఇజ్రాయెల్ మ్యూజియంకి వెళ్ళాను. అక్కడ చిన్న వెండి రేకులు రెండున్నాయి, ఒకప్పుడు చుట్టి తాయెత్తుల్లా కట్టుకున్నవి. 1979లో పాత నగరం పక్కనే కెతెఫ్ హిన్నోం అనే చోట పాత సమాధుల్లో దొరికాయి. వయసు సుమారు 2600 ఏళ్ళు. వాటి మీద గీసి ఉన్నది ఈ ఆశీర్వాదమే. బైబిల్ మాటలున్న వస్తువుల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో ఇవే అతి పాతవి. శుక్రవారం శుక్రవారం మా ఇంట్లో వినే మాటల్ని ఆ రేకు మీద చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. 'ఎంత పాతది' అన్నదానికి నాకు తెలిసిన గట్టి జవాబు ఆ వెండి రేకులే.

చరిత్ర విషయంలో నమ్మకాన్నీ ఆధారాన్నీ కలిపేయకూడదు. అబ్రాహాము కథ దాదాపు 4000 ఏళ్ళ నాటిదని సంప్రదాయం. ఆయన గురించి గానీ మోషే గురించి గానీ తవ్వకాల్లో ఏమీ దొరకలేదు. 'ఇశ్రాయేలు' అన్న పేరు మొదటిసారి కనిపించేది ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన శిలాశాసనంలో, క్రీ.పూ. 1208 ప్రాంతంలో. ఉత్తరాన తేల్ దాన్‌లో దొరికిన క్రీ.పూ. 9వ శతాబ్దపు రాతి మీద 'దావీదు ఇల్లు', అంటే దావీదు రాజు వంశం, అని ఉంది. అక్కడి నుంచి చరిత్ర కాస్త గట్టి నేల మీద నడుస్తుంది. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం జెరూసలేం ఆలయాన్ని కూల్చి జనాన్ని చెరపట్టి తీసుకెళ్ళింది. పర్షియా రాజు కోరెషు తిరిగి వెళ్ళనిచ్చాడు. రెండో ఆలయం కట్టుకున్నారు. దాన్ని క్రీ.శ. 70లో రోమన్లు తగలబెట్టారు.

అసలు మలుపు అక్కడే. అప్పటిదాకా మతమంటే ఆలయం, బలిపీఠం, యాజకులు. అవన్నీ ఒక్క వేసవిలో పోయాయి. ముట్టడి సమయంలో యోహానాన్ బెన్ జక్కాయ్ అనే గురువు శవపేటికలో పడుకుని నగరం దాటాడనీ, రోమన్ సేనాని వెస్పాసియన్‌ని కలిసి యవ్నె అనే ఊరినీ అక్కడి పండితుల్నీ వదిలిపెట్టమని అడిగాడనీ తల్ముద్ అనే యూదు గ్రంథం చెబుతుంది. కథలో ఎంత నిజముందో గానీ, యవ్నెలో పండితులు కూడి బలుల స్థానంలో ప్రార్థననూ చదువునూ నిలబెట్టారన్నది నిజం. ఆలయాన్ని మాత్రం మరిచిపోలేదు. ఏటా వేసవిలో అది కూలిన రోజు ఉపవాసముండి, నేల మీద కూర్చుని బైబిల్లోని విలాపవాక్యాలు చదువుతారు. పెళ్ళిలో వరుడు గాజుగ్లాసును కాలితో తొక్కి పగలగొట్టేది కూడా దాన్ని తలుచుకునే.

ఇక గ్రంథం. పాత నిబంధనలో ఉన్నదే, లెక్కా వరుసా వేరు. మన తెలుగు బైబిల్లో 39 పుస్తకాలైతే వాళ్ళ గ్రంథం తనఖ్‌లో అవే 24గా ఉంటాయి. మన పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది. వాళ్ళది దినవృత్తాంతాలతో, అంటే జెరూసలేంకి వెళ్ళండని కోరెషు ఇచ్చిన ఆజ్ఞతో ముగుస్తుంది. మొదటి ఐదు కాండాలు తోరా. అది చర్మం మీద ఈక కలంతో రాసిన చుట్ట, మొత్తం 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం చెరిగినా సరిచేసేదాకా ఆ చుట్టలో చదవరు.

శనివారం ఉదయం పెద్దాయన్ని కుర్చీలో తోసుకుంటూ సినగాగ్‌కి (యూదుల ప్రార్థన మందిరానికి) తీసుకెళ్తాను. తోరా చదివేవాడు వెండి కడ్డీతో వరుస చూపిస్తూ రాగంతో చదువుతాడు. చుట్టలో అచ్చుల (స్వరాల) గుర్తులూ ఉండవు, రాగం గుర్తులూ ఉండవు, అన్నీ నోటికి వచ్చి ఉండాలి. ఒక్క మాట తప్పు పలికితే చాలు, నాలుగు మూలల నుంచీ గట్టిగా సరైన మాట వినిపిస్తుంది. అతను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సిందే. కునికిపాట్లు పడుతున్నాడనుకున్న మా పెద్దాయన కూడా తలెత్తి అందుకుంటాడు. ఈ గ్రంథం చెక్కుచెదరకుండా వచ్చిందంటే ఇంతమంది చెవులు కాపలా ఉండబట్టే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ మతానికి వెన్నెముక తోరా అయితే నాడి తల్ముద్. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన నోటి నియమాల సంకలనం మిష్నా, దాని మీద తర్వాతి శతాబ్దాల చర్చ కలిస్తే తల్ముద్. పేజీ నడుమ అసలు పాఠం, ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు రాషీ వ్యాఖ్య, ఇంకో పక్క ఆయన మనవల తరంతో మొదలైన పండితుల అభ్యంతరాలు. మొదలవడమే ప్రశ్నతో మొదలవుతుంది: సాయంత్రం ప్రార్థన ఏ వేళ నుంచి చేయాలి? వెంటనే గడువు మీద మూడు అభిప్రాయాలు వస్తాయి. ఓడిన వాదనను కూడా చెప్పినవాడి పేరుతో సహా దాచిపెట్టారు. హనుక్కా పండగకు మొదటి రోజు 8 దీపాలు పెట్టి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయి అనే గురువు శిష్యులు, ఒకటితో మొదలుపెట్టి పెంచాలని హిల్లెల్ అనే గురువు శిష్యులు. జనం చేసేది హిల్లెల్ పద్ధతి, ప్రతి విద్యార్థీ చదివేది ఇద్దరిదీ. రోజుకో ఆకు (రెండు వైపులా) చొప్పున ప్రపంచమంతా ఒకే పాఠం చదివే ఏర్పాటు 1923లో మొదలైంది. 2,711 ఆకులు పూర్తి కావడానికి ఏడున్నరేళ్ళు పడుతుంది. పెద్దాయన భూతద్దం పట్టుకుని ఆ రోజు పాఠం చదవనిదే నిద్రపోడు. ఆయన స్నేహితుడొచ్చిన రోజు ఇద్దరూ బల్ల గుద్ది అరుచుకుంటారు, ఆ వెంటనే టీ తాగుతారు.

నియమాలు చూసి మూర్ఖత్వం అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఒక శుక్రవారం రాత్రి పెద్దాయనకు ఊపిరాడలేదు. లైటు స్విచ్ కూడా ముట్టని కొడుకు నాకంటే ముందే సొరుగు లాగి ఫోన్ తీసి 101కి కాల్ చేశాడు, అంబులెన్స్ ఎక్కి వెళ్ళాడు. ప్రాణం మీదికి వస్తే విశ్రాంతి దినం నియమాలు పక్కన పెట్టాలన్నది కూడా వాళ్ళ శాస్త్రమే. ఆయన కోలుకున్నాడు. ఆ రాత్రి తర్వాత వాళ్ళ నిష్ఠ మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

పండగల్లో పస్కా గొప్పది. ముందు రాత్రి ఇల్లంతా చీకటి చేసి, కొవ్వొత్తి, ఈక, చెక్క చెంచా పట్టుకుని పులిసిన రొట్టె ముక్కలు వెతుకుతారు, పొద్దున కాల్చేస్తారు. పండగ రాత్రి అందరికంటే చిన్న పిల్లవాడు లేచి "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?" అని అడగాలి. ఈజిప్టు నుంచి బయటపడిన కథ ఆ ప్రశ్నకు జవాబుగానే చెబుతారు. తూర్పు ఐరోపా మూలాలున్న ఇళ్ళలో ఆ వారం అన్నం, పప్పు కూడా ఉండవు, తెలుగువాడికి కష్టమే. ఇరాక్ నుంచి వచ్చిన పక్కింటివాళ్ళు అన్నం తింటారు. ఒకే శాస్త్రం, రెండు ఆచారాలు, ఇద్దరూ ఒకే సినగాగ్‌లో పలకరించుకుంటారు.

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం, తెలుగు మాట్లాడే కుటుంబాలు, యూదు ఆచారాలు పాటిస్తోంది. కొచ్చి మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఇప్పటికీ ఉంది. అక్కడి యూదుల్లో ఎక్కువమంది 1948 తర్వాత ఇజ్రాయెల్ వచ్చేశారు. ఇండియాలో ఉండి ఇవన్నీ కళ్ళారా చూడాలనుకుంటే కొచ్చి వెళ్ళండి. నేల మీద చైనా నుంచి తెచ్చిన నీలి పలకలు పరిచి ఉంటాయి, చెప్పులు బయటే విడవాలి. శనివారం, పండగ రోజుల్లో సందర్శకులను రానివ్వరు కాబట్టి రోజు చూసుకుని టికెట్ చేయించుకోండి.