కావేరిలో మహసీర్ పిల్లల్ని వదలొచ్చా?

ప్రశ్న: మాది హోసూరు దగ్గర పల్లె. హొగెనకల్లు ఎగువన కావేరిలో ఒకప్పుడు గూని వీపు, నారింజ రెక్కలున్న పెద్ద మహసీర్ చేపలు పడేవని మా మామయ్య చెబుతాడు. ఇప్పుడు కంటికి కూడా ఆనడం లేదు. మా కుర్రాళ్ళం చందాలేసుకుని మహసీర్ పిల్లల్ని కొని ఏట్లో వదులుదామనుకుంటున్నాం. ఎన్ని వదలమంటారు?
– ఒక పాఠకుడు, హోసూరు

జవాబు: చందాలు కాస్త ఆపండి బాబూ. కొనబోయేవి ఏ మహసీర్ పిల్లలో ముందు తేలాలి.

మీ మామయ్య చెప్పింది కావేరి సొంత చేప. 1946లో గాలానికి పడి రికార్డుకెక్కిన 120 పౌన్ల చేప, అంటే 54 కిలోలది, ఆ నీళ్ళదే. నీలిరెక్కల మహసీర్ వేరు. దాని పుట్టిల్లు పుణె వైపు, కృష్ణలో కలిసే ఏర్లు. లోనావాలాలో టాటా వారి హేచరీ 1970ల నుంచి దాని పిల్లల్ని తీస్తోంది. ఆ రకాన్ని తెచ్చి కావేరిలోనూ వదిలారు. మహసీర్ అంటే మహసీరే కదా అనుకున్న రోజులవి.

కావేరి ఒడ్డున గాలం సరదా ఉన్నవాళ్ళకి గాలిబోరె అనే క్యాంపు ఉండేది, అక్కడ చేపని పట్టి, తూచి, మళ్ళీ వదిలేసేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా అక్కడ రాసిపెట్టిన లెక్కల్ని పరిశోధకులు తర్వాత తిరగేశారు. నీలిరెక్కలది పెరిగింది, గూనిది పడిపోయింది. పుస్తకంలో రెండు రకాలకీ కలిపి ‘మహసీర్’ అని ఒక్క గడే గీసి ఉంటే చేపల్ని వదిలిన పథకం బ్రహ్మాండం అని దండలు వేసుకునేవాళ్ళం! గూని చేప శాస్త్రీయ నామం తోర్ రెమాదేవి అని 2018లో గానీ తేలలేదు. అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలోకీ అప్పుడే ఎక్కింది. తప్పంతా తెచ్చి వదిలిన చేపదేనని నేననను. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, డైనమైట్ కలిసి చేసిన పని అది.

ఇక పిల్లల్ని తీయడం. నేను కొల్లేటి వైపు కార్పు హేచరీల్లో చేసినవాణ్ణి. శీలావతి చేపకి సాయంత్రం ఇంజెక్షన్ వేస్తే తెల్లారేసరికి కిలో బరువుకి రెండు లక్షల గుడ్లకి తక్కువ ఉండవు. ఇంకో పగలు గడిస్తే పిల్లలు. మహసీర్ దగ్గర ఆ జోరు సాగదు. కిలోకి కొన్ని వేల గుడ్లే. పసుప్పచ్చగా, ఆవగింజ కంటే పెద్దగా, బరువుకి అడుక్కి దిగిపోతాయి. వాటిని ట్రేల్లో పల్చగా పరిచి, చల్లటి నీళ్ళు పారిస్తూ మూడు నాలుగు రోజులు కాపు కాయాలి. చచ్చిన గుడ్డు సున్నంలా తెల్లబడుతుంది. దాన్ని పట్టకారుతో అప్పటికప్పుడు ఏరెయ్యకపోతే బూజు పట్టి పక్కవాటిని అల్లుకుంటుంది. ఒక్క పూట బద్ధకిస్తే ట్రే మొత్తం పోయినట్టే.

అంత కష్టపడ్డా తల్లి చేపలు ఆ నదివే కావాలి, అవీ చాలా ఉండాలి. రెండు మూడు జతల పిల్లలతోనే ఏరు నింపితే రేపు అన్నాచెల్లెళ్ళే జతకడతాయి. గూని మహసీర్ కావేరి నీళ్ళలోకే వచ్చే మోయార్ ఏట్లో ఇంకా ఉంది. పిల్లల్ని తీయాలంటే అలాంటి చోటి చేపలతోనే, అదీ శాస్త్రవేత్తల చేతుల మీదుగా, అనుమతితో జరగాలి.

మీ డబ్బుతో ఎండాకాలం కాపలా పెట్టండి. ఏరు సన్నబడి చేపలన్నీ లోతు మడుగుల్లో చేరేది అప్పుడే, డైనమైట్ పేలేదీ అప్పుడే. మధ్యలో ఎవరైనా ‘మహసీర్ సీడ్ ఉంది సార్’ అంటూ ఆక్సిజన్ సంచులతో వస్తే, ఏ రకం, ఏ నది తల్లులు అని అడగండి. జవాబు ఏం చెప్పినా, ఫిషరీస్ శాఖ కాగితం చేతికొచ్చేదాకా సంచి విప్పనివ్వకండి.